1,39,83,816: సింగపూర్ టోటో సంఖ్య నిర్మాణం

సింగపూర్‌లో సోమ, గురువారాల్లో తీసే టోటో లాటరీలో 1 నుంచి 49 వరకు ఉన్న అంకెల్లో ఆరింటిని ఎంచుకోవాలి. ఏది ముందు, ఏది వెనుక అన్న పట్టింపు లేదు. అలా ఎంచుకోగల విధాలు 1,39,83,816. 2014 అక్టోబరులో నియమం మారకముందు ఆట 45 అంకెలతోనే సాగేది; అప్పటి విధాలు 81,45,060. చేరినవి నాలుగు అంకెలే అయినా విధాలు దాదాపు 72 శాతం పెరిగాయి.

ఈ లెక్క కట్టే పద్ధతి మనకు పరాయిది కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో సంయోగాలకు సాధారణ సూత్రం చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు చేశాడు. 49 నుంచి 44 దాకా ఆరు సంఖ్యలను గుణించి 720తో భాగించడమే ఇక్కడ జరిగేది.

ఫలితాన్ని ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే మూడు 2లు, ఒక 3, రెండు 7లు, ఆపై 11, 23, 47 వస్తాయి. 5 లేదు. లవంలోని 45లో ఉన్న 5ను హారంలోని 720 తినేసింది. అయితే దీనికి ఇంతకంటే అందమైన కారణం ఉంది. 1852లో జర్మన్ గణితజ్ఞుడు కుమ్మర్ నిరూపించిన సిద్ధాంతం ప్రకారం, ఎంచుకునే 6నూ, 49లో మిగిలే 43నూ ఏదైనా ప్రధాన సంఖ్య ఆధారంగా రాసి కూడినప్పుడు పక్క స్థానానికి ఎన్నిసార్లు ఒకటి వెళుతుందో, ఆ ప్రధాన సంఖ్య ఫలితంలో అన్నిసార్లు కారణాంకమవుతుంది. 7 ఆధారంగా 43 అంటే 61. దానికి 6 కలిపితే 100. ఒకటి రెండుసార్లు పక్కకు వెళ్లింది, కాబట్టి రెండు 7లు. 5 ఆధారంగా 6 అంటే 11, 43 అంటే 133; కూడితే 144, ఒక్కసారీ వెళ్లలేదు. ఇంత పెద్ద సంఖ్య స్వభావాన్ని రెండు చిన్న కూడికలు బయటపెట్టడం నా దృష్టిలో ఈ అధ్యయనంలోకెల్లా విలువైన విషయం.

ఆడేవారికి పనికొచ్చే సంగతి మరొకటి. 17, 18 లాంటి పక్కపక్క అంకెలు అరుదుగా పడతాయనుకోవడం సహజం. పక్కపక్క అంకెలు అసలే లేని ఎంపికలు 70,59,052. తక్కిన 69,24,764 ఎంపికల్లో కనీసం ఒక జంటైనా ఉంటుంది, అంటే 49.5 శాతం. పుట్టినరోజు తేదీలకే, అంటే 31 లోపు అంకెలకే, పరిమితమైన ఎంపికలు 7,36,281. మొత్తంలో అవి 5.3 శాతమే. ఇవన్నీ తెలిసినా గెలుపు అవకాశం పెరగదు. వారానికి రెండు ఆటలకూ ఒక్కో ఎంపిక చొప్పున ఆడితే ఆరు అంకెలూ కలవడానికి సగటున 1,34,000 ఏళ్లు దాటుతుంది.

మన ఇంటర్మీడియట్ గణితంలో ప్రస్తారాలు, సంయోగాల పాఠం ఉంది. అధ్యాపకులు ఈ సంఖ్యను అక్కడ ఒక ఉదాహరణగా తీసుకుని, విద్యార్థుల చేతనే కారణాంకాలు విడదీయించాలని మనవి.