కామా, కాగితం, కాపీరైట్: బాబాసాహెబ్ పుస్తకాలు ఎవరివి?

(అచ్చులో మన చరిత్ర – 6)



కొత్తగా రాస్తున్న మన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు మూడు. "అన్నా, మా భాషలో రాస్తే తప్పులంటున్నారు, మార్చుకోవాలా?" "రాసి ఇచ్చేశాక దానిమీద హక్కు ఎవరిది?" "ఎవరూ వెయ్యకపోతే మేమే అచ్చు వేసుకోవచ్చా?"

మొదటిదానికి వ్యాకరణ పుస్తకం, రెండోదానికి లాయరు, మూడోదానికి ప్రెస్సు ఓనరు జవాబు చెప్తారనుకుంటాం. కానీ ఈ మూడూ మన చరిత్రలో ఎప్పుడో అడిగినవే, బాబాసాహెబ్‌కే ఎదురైనవే. ఆయన పుస్తకాలు అచ్చయిన కథ తెలిస్తే మనకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

1. కామా

లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అని ఒక సంఘం ఉండేది. కులం పోవాలని చెప్పే హిందూ సంస్కర్తల సంఘం. 1936 వార్షిక సభకు అధ్యక్షత వహించమని బాబాసాహెబ్‌ని పిలిచారు. ఆయన ప్రసంగం రాసి బొంబాయిలో అచ్చుకిచ్చారు. ఏప్రిల్‌లో మండల్ తరఫున హర్ భగవాన్ బొంబాయి వచ్చి కలిసి వెళ్లాడు. లాహోర్ చేరాక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో ఎక్కడా దురుసు లేదు, అంతా మర్యాదే. కొన్ని భాగాలు తీసేస్తే బాగుంటుంది, 'వేదం' అనే మాట ప్రస్తుతానికి వదిలేస్తే బాగుంటుంది అని సలహా.

బాబాసాహెబ్ ఇచ్చిన జవాబు మనందరికీ తెలుసు. కామా కూడా మార్చేది లేదన్నారు. అధ్యక్షుడి ప్రసంగాన్ని సెన్సారు చేసే హక్కు మీకు లేదన్నారు. సభ ఆగిపోయింది. ఆ ప్రసంగాన్నే ఆయన సొంత ఖర్చుతో పుస్తకంగా తెచ్చారు. అదే 'కుల నిర్మూలన'.

ఇక్కడ విద్యార్థులు గమనించాల్సింది ఒకటుంది. మండల్ వాళ్లు 'నీ అభిప్రాయం తప్పు' అనలేదు. 'ఈ మాట తీసెయ్' అన్నారు. మనకూ ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. అభిప్రాయాన్ని ఎదుర్కోలేనివాళ్లు భాషను దిద్దడానికి వస్తారు.

నా సంగతే చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒక పత్రికకు వ్యాసం పంపాను. అందులో "దొర కూలి ఎగ్గొట్టిండు" అని రాశాను. అచ్చయ్యాక చూస్తే "వేతన చెల్లింపు జరగలేదు" అని ఉంది. ఫోన్ చేస్తే, "శుద్ధమైన తెలుగులోకి మార్చాం, అర్థం మారలేదు కదా" అన్నారు. మారింది. నా వాక్యంలో ఎగ్గొట్టినవాడు ఉన్నాడు, వాడికో పేరూ ఇల్లూ ఉన్నాయి. దిద్దిన వాక్యంలో ఎవడూ లేడు. చెల్లింపు దానంతటదే జరగలేదట! వ్యాకరణం పేరుతో కర్తను మాయం చేశారు.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం బడి పుస్తకానికి గ్రాంథికమే కొలబద్ద. గిడుగు రామ్మూర్తి వాడుక భాష కోసం ఏళ్ల తరబడి పోరాడితే తలుపు కొంత తెరుచుకుంది. కానీ ఎవరి వాడుక? పల్లెలో ఊరి మధ్య వాడుకా, ఊరి చివర వాడుకా? ఆ ప్రశ్న మిగిలిపోయింది. జాషువా వాళ్ల ఛందస్సులోనే వాళ్లకన్నా గట్టిగా పద్యం చెప్పి 1941లో 'గబ్బిలం' ఇచ్చాడు. అయినా అవమానాలు తప్పలేదు. అంటే లోపం మన భాషలో ఉందని కాదు, చూసే కంట్లో ఉందని అర్థం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన కవులు వాళ్ల కొలబద్దనే పక్కన పడేశారు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం చదవండి, వాడ మాట అచ్చెక్కితే ఎంత బలం వస్తుందో తెలుస్తుంది.

అట్లాగని అక్షర దోషాలు వదిలేయమని నేను చెప్పడం లేదు. ఒత్తు తప్పితే దిద్దుకోండి, తేదీ తప్పితే దిద్దుకోండి, వాక్యం అర్థం కాకపోతే మళ్లీ రాయండి. బాబాసాహెబ్ అంత జాగ్రత్తగా రాసినవాళ్లు తక్కువ. ఎవరైనా దిద్దడానికి వస్తే ఒక్కటే అడగండి: ఈ మార్పుతో వాక్యం స్పష్టమవుతుందా, లేక ఎవరో ఒకరు తప్పించుకుంటున్నారా?

2. కాగితం

1920 జనవరి 31న 'మూక్ నాయక్' మొదలైంది. డబ్బులిస్తాం, ప్రకటన వెయ్యండి అంటే తిలక్ స్థాపించిన 'కేసరి' అది కూడా వెయ్యలేదు. అప్పటినుంచీ బాబాసాహెబ్‌కి అర్థమైన సంగతి ఒక్కటే. మన కాగితం మన చేతిలో ఉండాలి. అందుకే 1927లో 'బహిష్కృత భారత్', 1930లో 'జనతా', 1956లో 'ప్రబుద్ధ భారత్'.

'కుల నిర్మూలన' ఇంగ్లీషు మొదటి ముద్రణ 1,500 ప్రతులు. రెండు నెలల్లో అయిపోయాయి. ధర ఎనిమిది అణాలు. గాంధీ 'హరిజన్' పత్రికలో దానిమీద రాస్తూ ధర ఎక్కువైంది, రెండణాలో నాలుగణాలో పెడితే బాగుండేదన్నారు. మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ పిలిచిన సభ రద్దయింది, అచ్చు ఖర్చు సొంత జేబులోంచి పోయింది. బాబాసాహెబ్ 1937 రెండో ముద్రణలో గాంధీ విమర్శను దాచలేదు. దాన్ని పుస్తకంలోనే వేసి, పక్కనే తన జవాబు వేశారు. తనను సెన్సారు చేసినవాళ్ల మధ్య ఉండి ప్రత్యర్థిని సెన్సారు చెయ్యని మనిషి ఆయన.

ఆ రెండో ముద్రణ ముందుమాటలో ఒక జాబితా ఉంది. గుజరాతీ, తమిళంలోకి అనువాదం అయిపోయింది. మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళంలోకి అవుతోంది. అందులో తెలుగు లేదు. ఆ లోటు మనల్ని ఇప్పటికీ తొందరపెట్టాలి.

ఇరవై ఏళ్ల తర్వాత, 1956 సెప్టెంబర్‌లో, ఆయన నెహ్రూకి ఉత్తరం రాశారు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' అచ్చుకు సుమారు 20,000 రూపాయలవుతుంది, అది నా శక్తికి మించింది, ప్రభుత్వం 500 ప్రతులు కొనగలదా అని. బుద్ధ జయంతి ప్రచురణలకు కేటాయించిన డబ్బు అయిపోయిందని నెహ్రూ జవాబిచ్చారు. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడుగా చేసిన మనిషికి చివరి పుస్తకం అచ్చుకు డబ్బు లేదు. డిసెంబర్ 6న ఆయన పోయారు. పుస్తకం 1957లో వచ్చింది. ఆయన అచ్చులో చూసుకోలేదు.

3. కాపీరైట్

అచ్చుకాని రాతప్రతులు మిగిలిపోయాయి. అవి ఏళ్ల తరబడి కోర్టు, అధికారుల స్వాధీనంలో ఉండిపోయాయి. 1978లో నాగపూర్ లాయరు ఒకాయన హైకోర్టుకు వెళ్లాడు. నన్ను అచ్చు వెయ్యనివ్వండి, లేదా ప్రభుత్వంతో వేయించండి అని. చివరికి వారసుల అనుమతితో మహారాష్ట్ర ప్రభుత్వం పని చేపట్టింది. వసంత్ మూన్ సంపాదకత్వంలో 1979 ఏప్రిల్ 14న మొదటి సంపుటం వచ్చింది. ఈ రోజు మనం చదివే బాబాసాహెబ్ చాలావరకు ఆ సంపుటాల్లోంచి వచ్చినవాడే. ఆ మేలు మర్చిపోకూడదు.

కానీ సర్కారు ప్రచురణకర్త అయితే ఏమవుతుందో కూడా చూశాం. 1987లో నాలుగో సంపుటంగా 'హిందూమతంలో చిక్కుప్రశ్నలు' వచ్చింది. రాముడు, కృష్ణుడి మీద రాసిన భాగాన్ని తీసెయ్యాలని శివసేన గొడవ చేసింది. ప్రభుత్వం వెనకడుగు వేసింది. 1988 ఫిబ్రవరిలో బొంబాయి వీధుల్లోకి లక్షలమంది మనవాళ్లు వచ్చారు. ఒక పుస్తకంలో ఒక అధ్యాయం కోసం ఇంతమంది, వాళ్లలో చదువురాని కూలీలతో సహా, నడిచిన సందర్భం ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? ఆ భాగం నిలబడింది. 'ఇందులోని అభిప్రాయాలతో ప్రభుత్వం ఏకీభవించనక్కర్లేదు' అనే అర్థంలో ఒక నోటు మాత్రం చేరింది. 1936లో మండల్ తియ్యమన్నదాన్ని ఒక్కడు కాపాడుకున్నాడు. 1988లో జనం కాపాడుకున్నారు.

ఆ తర్వాత కూడా కాగితం కష్టం పోలేదు. తొమ్మిది లక్షల ప్రతులకని కోట్ల రూపాయల కాగితం కొని, నాలుగేళ్లలో 33,000 మాత్రమే అచ్చు వేశారని 'లోక్‌సత్తా' రాస్తే, 2021లో బాంబే హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

ఇప్పుడు చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 50 ఏళ్లు హక్కు ఉండేది. ఠాగూర్ 1941లో పోయారు కాబట్టి ఆయన రచనలమీద హక్కు 1991 చివరికి ముగియాలి. అప్పుడు గడువును 60 ఏళ్లకు పెంచారు. ఠాగూర్ కోసం పెంచిన ఆ పదేళ్లు బాబాసాహెబ్‌కూ వర్తించాయి. 2007లో స్వేచ్ఛ కావాల్సిన 'కుల నిర్మూలన' 2017 జనవరి 1న స్వేచ్ఛ అయింది. ఆ రోజునుంచి దాని ఇంగ్లీషు మూలాన్ని ఎవరైనా అచ్చు వెయ్యవచ్చు, అనువదించవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకు లెక్క వేరు. ప్రచురించిన ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' 2018లో స్వేచ్ఛ అయింది. 1987లో వచ్చిన 'చిక్కుప్రశ్నలు' మీద హక్కు మాత్రం 2047 చివరిదాకా ఉంటుంది. ఏ రచనల కోసం జనం రోడ్డెక్కారో అవే అన్నిటికన్నా ఆలస్యంగా జనానికి చేరతాయి!

హక్కు ముగిసినా అన్నీ తేలిపోవు. 2014లో అరుంధతీ రాయ్ సుదీర్ఘమైన ముందుమాటతో నవయాన 'కుల నిర్మూలన' తెచ్చినప్పుడు, బాబాసాహెబ్ మాటకు ముందు ఎవరి మాట ఉండాలి అని మనవాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకు ఏ సెక్షన్లోనూ జవాబు లేదు. మనమే అచ్చు వేసుకోవడమే జవాబు.

రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాలుగు మాటలు.

ఒకటి: రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

రెండు: హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది. 'సర్వహక్కులూ శాశ్వతంగా' అని ఉంటే సంతకం పెట్టేముందు ఎవరికైనా చూపించండి.

మూడు: హక్కు అమ్మేసినా సెక్షన్ 57 మీతోనే ఉంటుంది. రచయితగా మీ పేరు ఉండాలని, మీ పరువు పోయేలా రచనను వక్రీకరించకూడదని అడగవచ్చు. కామా కోసం బాబాసాహెబ్ ఒంటరిగా నిలబడ్డారు, ఈ రోజు మన పక్కన ఒక సెక్షన్ ఉంది.

నాలుగు: అనువాదం మీద హక్కు అనువాదకులది, నోట్సు మీద హక్కు ఆ నోట్సు రాసినవాళ్లది. మూలం స్వేచ్ఛ అయిందని ఇంకొకరి తెలుగును ఎత్తి అచ్చు వెయ్యకండి. అది కూడా కూలి ఎగ్గొట్టడమే.

1937 జాబితాలో తెలుగు లేదు. ఇప్పుడు మూలం మన చేతిలో ఉంది, కాగితం ఖర్చు నలుగురు పంచుకుంటే భరించగలం. హాస్టల్‌కు పదిమంది కూర్చుని తలా నాలుగు పేజీలు మీ వాడ తెలుగులోకి తెచ్చుకోండి. ఎవరైనా వచ్చి ఒక మాట తీసెయ్యమంటే ఏం చెప్పాలో మీకు తెలుసు.

జై భీమ్.