చదరపు అడుగుల్లో ఇమడని ఇల్లు: కూలి కుటుంబాల గృహ నమూనా ఎలా ఉండాలి?

పేదల ఇళ్ల గురించి పాలకులు మాట్లాడినప్పుడల్లా రెండు లెక్కలే వినిపిస్తాయి: ఎన్ని ఇళ్లు, ఎన్ని చదరపు అడుగులు. ఆ స్థలం ఊరికి ఎంత దూరం, ఎండాకాలం ఆ స్లాబు కింద పడుకోగలరా, బిల్లు వచ్చేదాకా అప్పు ఎవరు మోయాలి అనే ప్రశ్నలు ప్లాను కాగితం మీదకు రావు. దళిత కూలి కుటుంబం ఆ ఇంట్లో నిలుస్తుందా, వదిలేసి వెళ్తుందా అన్నది ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది.

హక్కుగా ఇల్లు

ఉత్తరప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల ఇళ్ల కోసం భూమి సేకరిస్తే భూయజమానులు కోర్టుకెక్కారు. అదే చమేలీ సింగ్ కేసు. సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో ఆ సేకరణను సమర్థించింది. నివాస హక్కు అంటే తల మీద కప్పు మాత్రమే కాదని, తగినంత చోటు, గాలి, వెలుతురు, నీరు, కరెంటు, పారిశుద్ధ్యం, రోడ్డు కూడా అందులో భాగమని చెప్పింది. ఏ కాలనీ ప్లానునైనా మనం కొలవాల్సింది ఈ కొలబద్దతోనే.

కొలతల కథ

1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మొదట ఎస్సీ, ఎస్టీలు, విముక్తి పొందిన వెట్టి కార్మికుల కోసం ఉద్దేశించింది. ఇంటి వైశాల్యం 20 చదరపు మీటర్లు, అంటే సుమారు 215 చదరపు అడుగులు. 2016లో దాని స్థానంలో వచ్చిన పీఎం ఆవాస్ యోజన (గ్రామీణ్) కనీస వైశాల్యాన్ని వంట చోటుతో కలిపి 25 చదరపు మీటర్లకు పెంచింది. తెలంగాణలో 2015 తర్వాత కట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు కనీసం 400 ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రారంభించిన పథకంలో పట్టణాల్లో 1 సెంటు, గ్రామాల్లో 1.5 సెంట్ల స్థలమిచ్చి, 340 చదరపు అడుగుల నమూనా పెట్టారు.

ఈ 340ని విప్పి చూద్దాం. 17 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుతో ఇల్లు కట్టి, చుట్టూ 9 అంగుళాల గోడ పెడితే లోపల మిగిలేది సుమారు 287. గోడలే 53 అడుగులు తినేస్తాయి. ఇక 1 సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఇల్లు పోను బయట మిగిలేది 95 అడుగులే. నీళ్ల డ్రమ్ము, బట్టలుతుక్కునే బండ, కట్టెల పొయ్యి, సైకిలు, రెండు మేకలు, పెద్దవాళ్ల నులక మంచం అన్నీ అందులోనే సర్దుకోవాలి. కూలి కుటుంబం సగం బతుకు వాకిట్లోనే గడుస్తుంది. వాకిలి లేని ప్లాను ఆ సగాన్ని వీధిలోకి నెడుతుంది. పక్కింటి గోడ ఆనుకుని ఉంటే కిటికీ పెట్టుకునే వీలూ పోతుంది.

పెరిగే ఇల్లు

ఇల్లు చిన్నదైనా పెరిగే వీలుండాలి. ఇండోర్‌లో బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ పేద కుటుంబాలకు స్థలం, పునాది, మరుగుదొడ్డి, నీటి సదుపాయం ఇచ్చి, మిగతాది సంపాదన వచ్చినకొద్దీ కట్టుకునే వీలు కల్పించారు. మన దగ్గర కూడా పునాదిని పై అంతస్తు మోసేలా వేయడం, మెట్లకు చోటు వదలడం, రేపటి గదికి గుమ్మం ఎక్కడ వస్తుందో ఇవాళే గుర్తించడం మొదటి ప్లానులోనే జరగాలి. కొడుకు పెళ్లయిన ఏడాదికే ఇల్లు చాలకపోతే ఆ కుటుంబం మళ్లీ ఇళ్ల స్థలం దరఖాస్తు పట్టుకుని తిరగాల్సిందే.

ఖర్చు తగ్గాలి, గౌరవం తగ్గకూడదు

కేరళలో లారీ బేకర్ వాడిన రెండు పద్ధతులు మన మేస్త్రీలూ నేర్చుకోగలిగినవే. ఒకటి రాట్ ట్రాప్ బాండ్: ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలే గోడ. ఇటుకలు దాదాపు నాలుగో వంతు ఆదా అవుతాయి, ఆ ఖాళీ వేడిని ఆపుతుంది. రెండోది ఫిల్లర్ స్లాబ్: స్లాబు కింది భాగంలో బరువు మోయని చోట కాంక్రీటుకు బదులు పెంకులు పెడతారు. దాంతో సిమెంటు తగ్గుతుంది. పైన తెల్ల సున్నం పూత, ఎదురెదురు కిటికీలు తోడైతే వేసవి రాత్రులు కొంత నయం.

అయితే చౌక ఇల్లంటే మన వాడల్లో అనుమానం ఉంది. అది న్యాయమైన అనుమానమే. తరతరాలుగా మట్టి గోడ, తాటాకు కప్పు మనకు కులం గుర్తుగానే మిగిలాయి. స్లాబు ఇల్లు ఆ గుర్తును చెరిపే సాధనం. అందుకే ఇలాంటి పద్ధతులు ముందు ప్రభుత్వ కార్యాలయాల్లో, బడుల్లో కనిపించాలి. బేకర్ తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ వంటి పేరున్న సంస్థకూ ఇదే తరహాలో కట్టారు. ఊరందరికీ పనికొచ్చేది వాడకూ పనికొస్తుంది. వాడకు మాత్రమే కేటాయించిన చౌక పద్ధతి వివక్షే.

గ్రామసభలో అడగాల్సినవి

ఇంటి నమూనా స్థలం ఎంపికతోనే మొదలవుతుంది. పల్లపు నేలలో ఇచ్చిన పట్టాకు పునాది ఖర్చే రెట్టింపవుతుంది. కూలి అడ్డాకు, బడికి దూరమైన కాలనీలో ఆటో చార్జీలే అద్దెగా మారతాయి. అందుకే ప్లాను ఖరారయ్యే ముందే ఈ ప్రశ్నలు వేయాలి:

- స్థలం ఊరి మంచినీటి లైనుకు, రోడ్డుకు, శ్మశానానికి ఎలా కలుస్తుంది? వాడను ఇంకా దూరం నెడుతున్నారా?
- పట్టా మహిళ పేరున ఉందా?
- బేస్‌మెంట్, గోడలు, స్లాబు దశల తర్వాతే బిల్లు ఇస్తే, ముందు పెట్టుబడి ఎక్కడిది? పని మొదలవకముందే కొంత మొత్తం, ఇసుక, సిమెంటు ఇస్తారా?
- పీఎం ఆవాస్ గ్రామీణ్‌లో ఇంటి పనికి 90 నుంచి 95 రోజుల ఉపాధి కూలి ఇవ్వాలన్న నిబంధన ఉండేది. ఆ డబ్బు కుటుంబానికి అందిందా?
- అదే పథకంలో కనీసం 60 శాతం లక్ష్యం ఎస్సీ, ఎస్టీలది. మన మండలంలో అది నిండిందా?
- ఇంటి ప్లాను గీసే ముందు వాడలోని ఆడవాళ్లను ఎవరైనా అడిగారా?

చివరి ప్రశ్నకు జవాబు చాలాచోట్ల "లేదు" అనే వస్తుంది. పొయ్యి ఎటువైపు ఉండాలో, స్నానాల గది తలుపు ఎటు తెరుచుకోవాలో, రాత్రి దీపం ఎక్కడ ఉండాలో వాళ్లకే తెలుసు. పోరాడి తెచ్చుకున్న స్థలంలో కట్టే ఇంటి మీద మొదటి మాట వాళ్లది కావాలి.