పైలట్ ఉద్యోగం: అర్హతలు, వ్యయం, రిజర్వేషన్లు, అవకాశాలు – భిలాయి తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన అంశాలు

భిలాయి (ఛత్తీస్‌గఢ్): ఉక్కు నగరమైన భిలాయిని ‘మినీ ఇండియా’ అని పిలుస్తారు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ కర్మాగార నిర్మాణం చేపట్టారు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఉపాధి కోసం దేశం నలుమూలల నుంచి కార్మికులు తరలివచ్చారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. జామా మసీదు, కాళీబాడీ ఒకే సెక్టర్‌లో కనిపించే సెక్టర్ 6 ఈ కలయికకు ఒక ఉదాహరణ.

ఆ కార్మికుల మూడో తరం పిల్లల్లో కొందరు ఇప్పుడు ఇంజినీరింగ్‌తో పాటు విమాన పైలట్ వృత్తి వైపు కూడా చూస్తున్నారు. ఇంత ఖర్చు పెడితే ఉద్యోగం వస్తుందా, మనలాంటి కుటుంబాల వారికి అక్కడ చోటుందా అన్నవి వారి తల్లిదండ్రుల ప్రశ్నలు. భారతదేశంలో పైలట్ కావడానికి కులం, మతం, లింగం చట్టపరంగా అడ్డు కావు. అసలు అడ్డంకి వ్యయం. దాని తరువాతిది సరైన సమాచారం, సరైన ధ్రువపత్రం లేకపోవడం. ఈ అంశాల వివరాలు ఇవి.

అమెరికా అనుభవం

విమానయానంలో జాతి వైవిధ్యం గురించిన చర్చ ఎక్కువగా అమెరికాలో సాగింది. నల్లజాతి మహిళ బెస్సీ కోల్‌మన్‌కు స్వదేశంలోని శిక్షణ సంస్థలు ప్రవేశం నిరాకరించగా, ఆమె ఫ్రాన్సు వెళ్లి 1921లో లైసెన్సు పొందారు. రెండో ప్రపంచ యుద్ధంలో టస్కీగీ పైలట్లు తమ సామర్థ్యం నిరూపించుకున్నా, యుద్ధానంతరం వాణిజ్య విమానసంస్థలు నల్లజాతివారిని చేర్చుకోలేదు.

అమెరికా వైమానిక దళంలో పనిచేసిన మార్లన్ గ్రీన్ 1957లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కు దరఖాస్తు చేశారు. ఆయనను తిరస్కరించిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1963లో న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 1964లో డేవిడ్ హారిస్‌ను అమెరికన్ ఎయిర్‌లైన్స్ నియమించింది. గ్రీన్ 1965లో విధుల్లో చేరారు.

చట్టం తలుపు తెరిచి ఆరు దశాబ్దాలు దాటినా అక్కడి పైలట్లలో 90 శాతానికి పైగా శ్వేతజాతీయులే. జనాభాలో సుమారు 13 శాతంగా ఉన్న నల్లజాతీయుల వాటా పైలట్లలో 5 శాతం లోపే ఉంది. శిక్షణకు అయ్యే భారీ వ్యయం దీనికి ఒక ప్రధాన కారణం. నిషేధం తొలగినంత మాత్రాన అవకాశం రాదని ఈ అనుభవం చెబుతోంది.

భారతదేశంలో పరిస్థితి

భారతదేశంలో ఈ ప్రశ్న జాతి రూపంలో కాక లింగం, కులం, తెగ, ఆర్థిక స్థాయి రూపంలో ఎదురవుతుంది. ఈ చరిత్రలో హైదరాబాదుకు స్థానముంది. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది విమానసంస్థలు తిరస్కరించాయి. మహిళ నడిపే విమానం ఎక్కడానికి ప్రయాణికులు భయపడతారన్నది అప్పట్లో చెప్పిన కారణం. చివరకు హైదరాబాదు కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. అయితే విమానానికి పూర్తి బాధ్యత వహించే కెప్టెన్ స్థానం మాత్రం అక్కడ దక్కలేదు.

నేడు దేశంలోని పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం. ప్రపంచ సగటు సుమారు 5 శాతమే. 2023లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) జారీ చేసిన 1,622 వాణిజ్య పైలట్ లైసెన్సులలో మహిళలకు దక్కినవి సుమారు 18 శాతం.

సామాజికంగా వెనుకబడిన వర్గాల నుంచి కూడా కొందరు ఈ రంగంలోకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాకు చెందిన ఆదివాసీ యువతి అనుప్రియా లక్రా 2019లో పైలట్‌గా ఎంపికయ్యారు. ఆమె తండ్రి పోలీసు శాఖలో చిరుద్యోగి. హైదరాబాదులో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా దాతల తోడ్పాటుతో శిక్షణ పొందారు. లైసెన్సు వచ్చిన తరువాత అవసరమైన ఉన్నత శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం ఆర్థిక సాయం చేసింది. ఈ ఇద్దరి విజయంలోనూ ప్రతిభ ఎంత ఉందో, బయటి నుంచి అందిన చేయూత కూడా అంతే ఉంది.

ఒక మార్పును గమనించాలి. ప్రభుత్వరంగ సంస్థగా ఉన్న కాలంలో ఎయిరిండియాకు రిజర్వేషన్ నిబంధనలు వర్తించేవి. 2022 జనవరి 27న ఆ సంస్థ టాటా గ్రూపు చేతికి వెళ్లింది. ప్రస్తుతం దేశంలోని ప్రధాన విమానసంస్థలు ప్రైవేటు రంగంలోనే ఉన్నాయి. ప్రైవేటు ఉద్యోగాలకు కుల రిజర్వేషన్ చట్టపరంగా వర్తించదు. కాబట్టి రిజర్వేషన్ ప్రయోజనం ఇప్పుడు ఉద్యోగ దశలో కాక శిక్షణ ప్రవేశ దశలోనే లభిస్తుంది.

లైసెన్సుకు అర్హతలు

స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు కనీస వయస్సు 16 ఏళ్లు, పదో తరగతి ఉత్తీర్ణత అవసరం. వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీస వయస్సు 18 ఏళ్లు. గణితం, భౌతికశాస్త్రంతో ఇంటర్మీడియట్ లేదా పన్నెండో తరగతి ఉత్తీర్ణత ఉండాలి. వేరే కోర్సు చదివినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా ఆ రెండు పాఠ్యాంశాలు పూర్తి చేయవచ్చు.

వైద్య పరీక్షలు రెండు దశల్లో ఉంటాయి. మొదట రెండో తరగతి ధ్రువీకరణ, తరువాత మొదటి తరగతి ధ్రువీకరణ పొందాలి. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. నిర్దేశిత పరిమితిలో చూపు సరిదిద్దగలిగితే చాలు. వర్ణాంధత్వం మాత్రం అడ్డంకే.

వాయు నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నియమాలు, సాంకేతిక విషయాల్లో డీజీసీఏ రాత పరీక్షలు నిర్వహిస్తుంది. ఉత్తీర్ణతకు 70 శాతం మార్కులు రావాలి. వీటితో పాటు రేడియో టెలిఫోనీ లైసెన్సు, ఆంగ్ల భాషా సామర్థ్య ధ్రువీకరణ తప్పనిసరి.

మొత్తం 200 గంటల విమాన శిక్షణ పూర్తి చేయాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా నడిపి ఉండాలి. ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి సాగే దూర ప్రయాణాలు, పరికరాల ఆధారంగా నడపడం, రాత్రి వేళ నడపడం కూడా ఈ శిక్షణలో భాగం. లైసెన్సు కాలపరిమితిని 2023లో ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు.

కెప్టెన్ కావడానికి అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు 21 ఏళ్ల వయస్సు, 1,500 గంటల అనుభవం కావాలి.

ఎక్కడ నేర్చుకోవచ్చు

ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ కేంద్ర పౌర విమానయాన శాఖ పరిధిలోని స్వయంప్రతిపత్తి సంస్థ. ప్రవేశానికి రాత పరీక్ష, సామర్థ్య పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు సీట్ల రిజర్వేషన్‌తో పాటు అర్హత మార్కుల్లో సడలింపు ఉంది. అభ్యర్థి ఎత్తు కనీసం 158 సెంటీమీటర్లు ఉండాలి.

భిలాయికి దగ్గరగా, దుర్గ్ నుంచి నాగపూర్ వెళ్లే రైలుమార్గంలోని గోందియా సమీపాన, బిర్సీ విమానాశ్రయంలో నేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తెలుగు ప్రాంతంలో హైదరాబాదులోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ పేరున్న సంస్థ. ఏ సంస్థలో చేరేముందైనా దానికి డీజీసీఏ ఆమోదం ప్రస్తుతం అమలులో ఉందా, ఎన్ని శిక్షణ విమానాలు వాడుకలో ఉన్నాయి, గత విద్యార్థులు 200 గంటలు పూర్తి చేయడానికి ఎంతకాలం పట్టింది అన్నవి అడిగి తెలుసుకోవాలి. విమానాల కొరత వల్ల శిక్షణ ఆలస్యమైతే వసతి ఖర్చు, అప్పుపై వడ్డీ రెండూ పెరుగుతాయి.

వ్యయం, సాయం

ఫుర్సత్‌గంజ్ అకాడమీలో శిక్షణ రుసుమే 45 లక్షల రూపాయల స్థాయిలో ఉంటుంది. వసతి, భోజనం, పరీక్షల ఖర్చు అదనం. లైసెన్సు వచ్చాక ఎయిర్‌బస్ ఎ320 లేదా బోయింగ్ 737 వంటి నిర్దిష్ట విమానం నడిపేందుకు టైప్ రేటింగ్ కావాలి. దీనికి సాధారణంగా 15 నుంచి 25 లక్షల రూపాయలు అవుతుంది. చాలా కుటుంబాలు పొరపడేది ఇక్కడే. లైసెన్సుతోనే ఖర్చు ముగుస్తుందని లెక్క వేసుకొని, టైప్ రేటింగ్ దశలో డబ్బు లేక ఆగిపోతారు.

విద్యారుణాల్లో ఏడున్నర లక్షల రూపాయల వరకు కేంద్ర రుణ హామీ పథకం వర్తిస్తుంది. అంతకు మించిన రుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు కోరతాయి. కర్మాగారం కేటాయించిన క్వార్టరు ఉద్యోగి సొంత ఆస్తి కాదు కనుక తాకట్టుకు పనికిరాదు. అందువల్ల స్వగ్రామంలోని భూమి, భవిష్య నిధి, పదవీ విరమణ సొమ్ము పణంగా పెట్టవలసి వస్తుంది. ఈ నిర్ణయం తీసుకునేముందు కుటుంబం మొత్తం కూర్చొని లెక్క చూసుకోవడం అవసరం.

ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ అమలు చేసే ఉన్నతస్థాయి విద్యా ఉపకార వేతన పథకంలో వాణిజ్య పైలట్ శిక్షణ కూడా ఉంది. ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుల్లో చదివేవారికి ఏడాదికి 3.72 లక్షల రూపాయల పరిమితి విధించారు. జాబితాలోని సంస్థలకే ఇది వర్తిస్తుంది. మొత్తం వ్యయంతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే అయినా అప్పు భారం కొంత తగ్గుతుంది.

కుల ధ్రువపత్రం: భిలాయి తెలుగువారి ప్రత్యేక సమస్య

ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లో ధ్రువపత్రం కోసం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు 1950 నాటికి, ఓబీసీ కుటుంబాలు 1984 నాటికి ఆ ప్రాంతంలో నివాసం ఉన్నట్లు ఆధారాలు చూపాలి. భిలాయి కర్మాగారం పునాది పడిందే 1955 తరువాత. అందుచేత ఉక్కు ఉద్యోగం కోసం వచ్చిన తెలుగు ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు, పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగినా, స్థానిక ధ్రువపత్రం దక్కడం కష్టం.

ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి తెలుగు కుటుంబానికి సంబంధించినదే. తెనాలిలో పుట్టి, ప్రభుత్వరంగ సంస్థలో తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు ఎస్టీ కోటాలో వైద్య విద్య సీటు కోరారు. ఒక రాష్ట్రంలో పొందిన ఎస్టీ హోదా వలస వెళ్లిన మరో రాష్ట్రంలో వర్తించదని 1990లో న్యాయస్థానం స్పష్టం చేసింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఈ సూత్రాన్నే సమర్థించింది.

అయితే ఈ పరిమితి రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, రాష్ట్ర కోటాలకు సంబంధించినది. కేంద్ర సంస్థల్లో ప్రవేశానికి సొంత రాష్ట్రం నుంచి వచ్చిన హోదా చెల్లుతుంది. తండ్రికి ఆంధ్రప్రదేశ్‌లో జారీ అయిన ధ్రువపత్రం ఆధారంగా, వలస వచ్చినవారి కోసం కేంద్రం నిర్దేశించిన నమూనాలో ప్రస్తుత నివాస రాష్ట్ర అధికారి నుంచి ధ్రువపత్రం పొందవచ్చు. లేదా స్వగ్రామం పరిధిలోని తహసీల్దారు కార్యాలయం ద్వారా ప్రయత్నించవచ్చు. ఓబీసీ అభ్యర్థులు తమ కులం సొంత రాష్ట్రపు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకొని, సంపన్న శ్రేణికి చెందరన్న ధ్రువీకరణ జతపరచాలి. తాతల నాటి భూమి పత్రాలు, తండ్రి పాఠశాల రికార్డులు సేకరించడానికి నెలలు పట్టవచ్చు. ప్రవేశ ప్రకటన వెలువడేదాకా ఆగితే గడువు దాటిపోతుంది.

ఉద్యోగావకాశాలు

2023లో ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాల కొనుగోలుకు ఒప్పందాలు ప్రకటించాయి. రానున్న 15 నుంచి 20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు అవసరమవుతారని కేంద్ర పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పేర్కొన్నారు. పైలట్ల వారాంతపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచిన కొత్త నిబంధనల వల్ల కూడా సిబ్బంది అవసరం పెరిగింది.

ఈ అంకెలు చూసి వెంటనే ఉద్యోగం ఖాయమని భావించరాదు. కొరత అధికంగా ఉన్నది అనుభవం గల కెప్టెన్ల విషయంలో. 200 గంటల అనుభవంతో లైసెన్సు పొందిన కొత్తవారు పరిమిత స్థానాల కోసం పోటీ పడాలి. ఈ రంగంలో ఒడుదొడుకులు కూడా ఎక్కువే. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ సేవలు నిలిచిపోయాయి. అలాంటి సమయాల్లో అనుభవజ్ఞులు మార్కెట్‌లోకి వస్తారు. కొత్తవారి నిరీక్షణ పెరుగుతుంది.

కొన్ని విమానసంస్థలు క్యాడెట్ పైలట్ పథకాల ద్వారా శిక్షణకు ముందే అభ్యర్థులను ఎంపిక చేస్తాయి. నియామక అవకాశం వీటిలో మెరుగ్గా ఉన్నా రుసుము ఎక్కువ. ఉద్యోగ హామీ షరతులతో ఉందా, లేదా అన్నది ఒప్పందంలో చదివి నిర్ధారించుకోవాలి.

ఏ క్రమంలో ముందుకు వెళ్లాలి

రుసుము చెల్లించడానికి ముందే వైద్య పరీక్ష చేయించుకోవడం మొదటి మెట్టు. కొన్ని వేల రూపాయలతో తేలిపోయే అనర్హతను లక్షలు కట్టిన తరువాత తెలుసుకోవడం తీరని నష్టం. రెండో మెట్టు కుల, ఆదాయ ధ్రువపత్రాలు. పిల్లలు పదకొండో తరగతిలో ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి. మూడోది రాత పరీక్షల సన్నద్ధత. దీన్ని ఇంట్లో ఉండి కూడా సాగించవచ్చు. నాలుగోది ఫుర్సత్‌గంజ్ అకాడమీ ప్రవేశ పరీక్ష. టైప్ రేటింగ్‌తో సహా మొత్తం వ్యయానికి, ఉద్యోగం కోసం ఒకటి రెండేళ్లు ఎదురుచూడగల స్థితికి లెక్క కుదిరినప్పుడే అప్పు చేయాలి.

నిబంధనలు, రుసుములు, పథకాల పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు డీజీసీఏ, సంబంధిత అకాడమీ, మంత్రిత్వశాఖల అధికారిక ప్రకటనలను సరిచూసుకోవాలి.