దట్టీ కింద బేరం

వీధుల్లో రత్నాలు రాశులు పోసి అమ్మేవారట! హంపీ గురించీ అంటారు, గోల్కొండ గురించీ అంటారు. గోల్కొండ విషయంలోనైతే ఆ రాశుల్ని కాసేపు పక్కనపెట్టి, నిజంగా వజ్రాలు కొన్న మనిషి ఏం రాశాడో చూడొచ్చు.

జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ 1605లో పారిస్‌లో పుట్టాడు. వజ్రాల వ్యాపారి. తూర్పు దేశాలకి ఆరుసార్లు వచ్చి, 1676లో ఆ ప్రయాణాలన్నీ పుస్తకంగా వేశాడు. ఊరేదైనా ఆయన కళ్లు ముందు అంగడిని వెతుకుతాయి. హైదరాబాదులో మూసీ మీద 1578లో కట్టిన వంతెనని (మన పురానాపూల్) పారిస్‌లోని పోన్ నఫ్‌తో పోల్చి మెచ్చుకుంటాడు. వెంటనే అసలు సంగతికొస్తాడు: నగరంలో ఉండేది పెద్దలు, ఉద్యోగులు. వర్తకులు, దళారీలు, చేతిపనివాళ్లు ఉండేది వంతెన ఇవతలి శివారులో, అంటే ఇవాళ్టి కార్వాన్ వైపు. పొద్దున పది పదకొండింటికి నగరంలోకి వచ్చి, బేరాలు చూసుకుని, సాయంత్రం నాలుగైదుకి ఇళ్లకి మళ్లుతారు. ఈ ఊళ్లో ఉద్యోగానికి రోజూ వెళ్లొచ్చేవాళ్లకి ఈ వాక్యం చరిత్రలా అనిపించదు.

వాళ్లు బేరాలాడే సరుకు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడ్డానికి ఆయన గనుల దాకా వెళ్లాడు. గోల్కొండకి ఐదు రోజుల దూరంలో, బీజాపూర్ సుల్తాను ఏలుబడిలో ఉన్న ఒక గనిని ‘రావల్‌కొండ’ అన్నాడు. అక్కడి బజారే ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన చోటు. రాశుల్లేవు, కేకల్లేవు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. అమ్మేవాడు కొనేవాడి చెయ్యి పట్టుకుని, పైన దట్టీ కప్పుతాడు. చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి. ఐదు వేళ్లు పట్టుకుంటే ఐదొందలు, ఒక్క వేలైతే వంద. నడిమి కణుపు దాకా యాభై, వేలికొస పది. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర మూడోవాడికి తెలీదు.

అక్కడే చెట్టు కింద వర్తకుల పిల్లలు కూర్చుంటారు. పదేళ్ల నుంచి పదిహేను, పదహారేళ్ల వాళ్లు. ఒక పక్క తూనికరాళ్ల సంచి, మరోపక్క డబ్బు సంచి. కొందరి సంచుల్లో ఐదారొందల వరహాలు కూడా ఉండేవట. ఎవరైనా రాయి తెస్తే అందరికంటే పెద్దవాడు ముందు చూస్తాడు. సాయంత్రానికి కొన్నవన్నీ పోగేసి, నాణ్యాన్ని బట్టి వేరుచేసి, పెద్ద వర్తకులకి అమ్మి లాభం పంచుకుంటారు. పెద్దవాడికి మాత్రం నూటికి పావు వంతు ఎక్కువ.

ముచ్చటగానే ఉంది. కానీ అదే అధ్యాయంలో ఇంకో అంకె ఉంది: గనిలో తవ్వే మనిషికి, పని బాగా వచ్చినవాడైనా సరే, ఏడాదికి మూడు వరహాలు. లెక్క కట్టడానికి ఎక్సెల్ అక్కర్లేదు. కుర్రాడి సంచిలోని ఆరొందల వరహాలు ఒక కూలివాడి రెండొందల ఏళ్ల సంపాదన. దట్టీ కింద ఒక వేలు నొక్కితే ముప్ఫై మూడేళ్లు. యాభై మందితో తవ్వించే వర్తకుడు రాజుకి రోజుకి రెండు వరహాలు కట్టాలి. ఆ యాభై మంది ఏడాది కూలీ మొత్తం డెబ్బై ఐదు రోజుల పన్నుతో సమానం.

గోచీ తప్ప ఒంటి మీద ఏమీ లేని ఆ మనుషులు రాళ్లు మింగుతారని, ఒకడు కంటి మూలలో దాచి దొరికిపోయాడని టావెర్నియర్ రాశాడు. అందుకే యాభై మందికి పన్నెండు, పదిహేను మంది కాపలా. కూలీ తక్కువ కాబట్టే దొంగతనమని ఆయనే ఒప్పుకుంటాడు, కానీ అక్కడ ఆగడు. ఆ మనుషుల్లో ఎవరి పేరూ అడగలేదు. వజ్రం బరువు మాత్రం ఎక్కడా మర్చిపోడు.

కొల్లూరు గని దగ్గరైతే అరవై వేలమంది ఉండేవారంటాడు: మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. ఆ కొల్లూరు ఇవాళ పులిచింతల జలాశయం ముంపులో ఉంది. అక్కడ దొరికిన రాళ్ల మీద పుస్తకాలున్నాయి, కోర్టు తగాదాలున్నాయి, దేశాల మధ్య పంచాయితీలున్నాయి. తవ్వినవాళ్ల గురించి టావెర్నియర్ మనకి మిగిల్చింది ఆ మూడు వరహాల లెక్క. మన వైభవం గురించి ఈసారి ఎవరైనా రాశులు పోసి చెబితే, ఆ లెక్క కూడా పక్కన పెట్టి చూసుకోవాలి.