ప్లాస్టిక్ స్కేల్ మోడల్ కారు

ప్లాస్టిక్ స్కేల్ మోడల్ కారు అంటే అసలు కారు కొలతలను ఒకే నిష్పత్తిలో తగ్గించి, పాలీస్టైరీన్ విడిభాగాలను అతికించి, రంగులు వేసి రూపొందించే నమూనా.

పుట్టుక: 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ సంస్థ తెచ్చిన ‘పెంగ్విన్’ విమాన నమూనాలు తొలి ప్లాస్టిక్ కిట్లు (అతికించుకునే విడిభాగాల పెట్టెలు). కార్ల కిట్లకు 1950లలో అమెరికాలో రెవెల్, ఏఎంటీ సంస్థలు ఆదరణ తెచ్చాయి. తర్వాత జపాన్‌కు చెందిన టమియా పేరుపొందింది.

కొలతలు: 1:24, 1:25 నిష్పత్తులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. 3,335 మి.మీ. పొడవున్న మారుతి 800 కారు 1:24లో సుమారు 139 మి.మీ. అవుతుంది.

తయారీ: విడిభాగాలు అమరి వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి వాటిని కత్తిరించి, అంచులను గరుకు కాగితంతో నునుపు చేస్తారు. ద్రావక జిగురు రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. ఆపై ప్రైమర్, పలుచని పొరలుగా రంగు, డెకాల్స్ (అతికించే గుర్తులు), పారదర్శక పూత వరుసగా వస్తాయి.

వాతావరణ ప్రభావం: కడప జిల్లాలోని ఇడుపులపాయ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అంత వేడిలో రంగు తుంపర గాలిలోనే ఆరి, పైపూత గరుకుగా మారుతుంది. అందుకే రంగు వేయడానికి చల్లని వేళ, ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ ద్రావకం అనుకూలం. వానాకాలపు తేమలో లాకర్ పూత తెల్లబారుతుంది.

స్థానిక పోలిక: తెలుగునాట దీనికి దగ్గరి సంప్రదాయం కొండపల్లి బొమ్మలు. తెల్లపొణికి కర్ర ముక్కలను చింతగింజల మక్కుతో అతికించి, సున్నపు పూతపై రంగులద్దుతారు. రెండింటిలోనూ అతుకు కనబడనీయని నైపుణ్యమే పనితనానికి గీటురాయి.