వదులైన తీగ, వెనకబడిన గడియారం

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. తెల్లని శంఖం అతనికి పసుపుపచ్చగా తోచడాన్ని మన తార్కికులు భ్రమకు ఉదాహరణగా చెప్పేవారు. అతను పదిసార్లు చూసినా శంఖం పచ్చగానే ఉంటుంది. ఆధునిక భౌతికశాస్త్రంలో ఈ సామెతకు తగిన వ్యాఖ్యానం 2011లో ఇటలీలో దొరికింది.

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో పుట్టిన న్యూట్రినోలు భూమి లోపలినుంచే ప్రయాణించి, సుమారు 730 కిలోమీటర్ల దూరాన గ్రాన్ సాసో పర్వతం అడుగున ఉన్న ఓపెరా అనే శోధకాన్ని చేరేవి. ఆ దూరానికి కాంతికి పట్టే కాలం సుమారు 2.4 మిల్లీసెకన్లు. న్యూట్రినోలు అంతకంటె దాదాపు 60 నానోసెకన్లు ముందుగా వస్తున్నట్లు లెక్క తేలింది. 15,000 పైచిలుకు నమోదుల సారాంశమది. 2011 సెప్టెంబరు 23న ఆ బృందం దీన్ని సెర్న్‌లో ప్రకటించి, తమకు కారణం అంతుపట్టలేదనీ, పరిశీలించమనీ తోటి శాస్త్రజ్ఞులను కోరింది.

సందేహించడానికి ఆధారం లేకపోలేదు. 1987లో కనిపించిన సూపర్‌నోవా నుండి న్యూట్రినోలు, కాంతి కొన్ని గంటల తేడాతోనే మనను చేరాయి. ఓపెరా చెప్పిన వేగమే నిజమైతే అవి సుమారు నాలుగేళ్ళు ముందే రావలసింది. అయితే వాటి శక్తి చాలా తక్కువ గనుక వాదం అక్కడితో ముగియలేదు.

ఆ శరత్తులోనే మరింత పొట్టి స్పందనలతో ప్రయోగం మళ్ళీ చేశారు. ఈసారి 20 న్యూట్రినోలు దొరికాయి. జవాబు మారలేదు, కన్ను మారలేదు గనుక.

2011 డిసెంబరులో కాలాన్ని నమోదుచేసే పరికరాల వరసను తిరిగి కొలుస్తుండగా దోషం పట్టుబడింది. జీపీయెస్ కాలసంకేతాన్ని నేలపైనుండి సొరంగంలోకి తెచ్చే ఆప్టికల్ ఫైబర్ అనే గాజుతీగ, ప్రధాన గడియారం దగ్గర పూర్తిగా బిగిసి లేదు. వెలుతురు తగ్గి, దాన్ని గుర్తించే భాగం ఆలస్యంగా స్పందించేది. కబురు ఆలస్యమైతే గడియారం వెనకబడుతుంది. వెనకబడిన గడియారంలో అతిథి రాక ముందుగా నమోదవుతుంది. గడియారం నడకలోనే ఉన్న మరొక చిన్న దోషం ఎదురు దిశలో పనిచేసేది.

ఇంతకీ తీగ ఎప్పుడు వదులైంది? అది తెలియనిదే పాత లెక్కలు దిద్దే వీలు లేదు. ఇక్కడ సాక్ష్యం పలికింది అదే పర్వతం కింద ఉన్న ఎల్‌వీడీ అనే వేరొక శోధకం. విశ్వకిరణాలనుండి పుట్టిన మ్యూయాన్లలో కొన్ని రెండు శోధకాలనూ దాటిపోయేవి. ఆ పాత నమోదులను పోల్చి చూస్తే, 2008 ఆగస్టు నుండి 2011 డిసెంబరు దాకా ఓపెరా గడియారం సుమారు 73 నానోసెకన్లు తప్పినట్లు బయటపడింది. న్యూట్రినోలను కొలిచిన కాలమంతా ఆ దోషం కిందే గడిచింది.

2012 మార్చిలో ఇకారస్ అనే మరొక ప్రయోగం కాంతివేగాన్నే చూపించింది. అదే నెలాఖరులో ఓపెరా నాయకుడు అంతోనియో ఎరెదితాతో, సమన్వయకర్త దారియో ఔతియెరో పదవులు వదులుకున్నారు. జూన్‌లో క్యోటో సదస్సులో గ్రాన్ సాసోలోని నాలుగు ప్రయోగాలూ ఒకే మాట చెప్పాయి: న్యూట్రినో కాంతిని మించలేదు.

వారిని పరిహసించినవారే ఎక్కువ. నాకు మాత్రం వేరే సంగతి తోస్తుంది. లెక్కకు మిక్కిలి నమోదులు యాదృచ్ఛిక దోషాన్ని తగ్గిస్తాయిగాని, పరికరంలోని దోషాన్ని తాకనైనా తాకవు. దానికి రెండో కన్ను కావాలి. ఆ కంటిని లోకంలో ఎక్కడున్నా రమ్మని బహిరంగంగా పిలిచినవారిని, వదులైన తీగను తామే వెదకి పట్టుకున్నవారిని నవ్వి పంపడం న్యాయమేనా?