డ్యామ్ కట్టారు, పార్లమెంటు వచ్చింది
నార్వేలో సామీ పిల్లలు ఒకప్పుడు బడిలో తమ భాష మాట్లాడకూడదు. మన ఆశ్రమ పాఠశాలల టీచర్లు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

ఆల్టా నది మీద డ్యామ్ అన్నారు. మొదటి ప్లానులో మాసీ అనే సామీ ఊరు మునగాలి. తర్వాత ఊరిని వదిలేశారు, డ్యామ్‌ను వదల్లేదు. 1979లో సామీ యువకులు ఓస్లోలో పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహారదీక్షకు కూర్చున్నారు. 1981లో సుమారు 600 మంది పోలీసులు వచ్చి, గొలుసులతో కట్టేసుకున్న ఆందోళనకారులను ఎత్తుకెళ్లారు. 1982లో సుప్రీంకోర్టులోనూ ఓడారు. డ్యామ్ లేచింది.

అయితే ఆ దీక్ష తర్వాతే సామీ హక్కుల కమిటీ వేశారు. 1987లో చట్టం, 1989లో సామీలే ఓటేసి ఎన్నుకున్న పార్లమెంటు వచ్చాయి. ఆదివాసుల హక్కుల ఐఎల్‌ఓ 169వ ఒప్పందాన్ని 1990లో అందరికంటే ముందు ఆమోదించింది నార్వేయే. మన దేశం 1958లో పాత 107ను ఆమోదించి అక్కడే ఆగింది.